ఆడపిల్లల ఆటలో గీత ఎక్కడ గీయాలి?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నన్ను 'క్రీడలు - క్రమశిక్షణ' మీద మాట్లాడమన్నారు. భోజనాల తర్వాత ఆ విషయం మీద మాట్లాడితే సగం మంది నిద్రపోతారు. అందుకని ఆయన అనుమతితోనే విషయం మార్చాను. స్వర్ణోత్సవం సందర్భంగా మన సంఘం ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల బడుల ఆడపిల్లలకు కబడ్డీ, పరుగు పోటీలు పెడుతోంది కదా. ఎంట్రీ ఫారం తయారుచేసే పని పీఈటీ మేడంకు, నాకు అప్పగించారు. పేరు, తరగతి, పుట్టిన తేదీ, బరువు అన్నీ రాసుకుంటూ పోయాం. 'బాలిక' అన్న గడి దగ్గర ఆగిపోయాం. ఆ గడిలోకి ఎవరు వస్తారు, దాన్ని ఎవరు తేల్చాలి, అనుమానం వస్తే ఏం చేయాలి? ప్రపంచంలో పెద్ద పెద్ద క్రీడా సంఘాలు ఇదే ప్రశ్న మీద ఇరవై ఏళ్లుగా కొట్టుకుంటున్నాయి. మనం ఒక మధ్యాహ్నంలో తేల్చేస్తామని కాదు. కానీ ఫారం మాత్రం వచ్చే వారం ప్రెస్సుకు పోవాలి.

మొదట అసలు ఆడవాళ్ళకు వేరే పోటీ ఎందుకు పెట్టుకున్నామో గుర్తు చేసుకుందాం. మన పక్క తిరునాళ్ళలో బండలాగుడు పోటీలు చూడనివాళ్ళు ఈ హాల్లో ఎవరూ ఉండరు. పాల పళ్ళ విభాగం, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు, చివర్న సీనియర్స్. రెండు పళ్ళ గిత్తల జతను సీనియర్ ఎద్దుల పక్కన కట్టి 'బాగా లాగిన జతకే బహుమతి' అంటే ఏ రైతూ బండి దించడు. గిత్తను తక్కువ చేసినట్టు కాదు అది. దాని కష్టానికి దాని లెక్కలో విలువ కట్టడం. ఆడవాళ్ళ పోటీ కూడా అంతే. అది లేకపోతే 'అందరూ ఆడవచ్చు' అని బోర్డు పెడతాం, చివర్న పోడియం మీద ముగ్గురూ మగవాళ్ళే నిలబడతారు.

నేను లెక్కల మనిషిని, కాబట్టి నాలుగు అంకెలు చెబుతాను, ఓర్చుకోండి. 100 మీటర్లలో ఉసేన్ బోల్ట్ 2009లో పరిగెత్తింది 9.58 సెకన్లు. ఆడవాళ్ళ రికార్డు 1988 నుంచీ ఫ్లోరెన్స్ గ్రిఫిత్ జాయ్‌నర్ పేరు మీదున్న 10.49. తేడా సెకను కన్నా తక్కువే. కానీ 10.49కి పరిగెత్తే మగపిల్లవాడు ఎక్కడా వార్తల్లోకి కూడా రాడు. హైజంప్‌లో మగవాళ్ళది 2.45 మీటర్లు, ఆడవాళ్ళది 2024లో ఉక్రెయిన్ అమ్మాయి యరోస్లావా మహుచిఖ్ ఎగిరిన 2.10. తేడా జానెడు పైన. అందుకే మగవాళ్ళ జావెలిన్ 800 గ్రాములు, ఆడవాళ్ళది 600. ఇనుప గుండు అక్కడ 7.26 కిలోలు, ఇక్కడ 4. కబడ్డీ కోర్టు అక్కడ 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు, ఇక్కడ 12, 8. వాలీబాల్ నెట్ అక్కడ 2.43 మీటర్లు, ఇక్కడ 2.24.

ఈ తేడా పుట్టుకతోనే పెద్దగా ఉండదు. పదేళ్ళ వయసులో ఆడపిల్ల మగపిల్లవాడిని పరుగులో ఓడించడం మనం రోజూ చూసేదే. ఈడు వచ్చే దశలో మగపిల్లల ఒంట్లో టెస్టోస్టిరాన్ అనే హార్మోను ఒక్కసారిగా పెరుగుతుంది. పెద్దయ్యాక అది ఆడవాళ్ళలో కన్నా పది, పదిహేను రెట్లు ఉంటుంది. ఎముక పొడవు, భుజాల వెడల్పు, గుండె పరిమాణం, రక్తంలో హిమోగ్లోబిన్ అన్నీ దానితో పాటే పెరుగుతాయి. ఎంత సాధన చేసినా ఆడపిల్ల ఆ తేడాను పూడ్చుకోలేదు.

ఇక ట్రాన్స్‌జెండర్ మహిళల సంగతి. మగబిడ్డగా పుట్టి, తనను ఆడమనిషిగా తెలుసుకుని, అలా బతికేవాళ్ళు. వాళ్ళు హార్మోను తగ్గించే మందులు వాడాక ఆడవాళ్ళ పోటీలో ఆడవచ్చా? చాలాకాలం క్రీడా సంఘాలు 'హార్మోను ఇంత కన్నా తగ్గితే ఆడవచ్చు' అన్నాయి. వినడానికి బాగుంది. కానీ ఇంజనీరుకు ఒక సంగతి వెంటనే తడుతుంది. పోసేటప్పుడు కాంక్రీటులో నీళ్ళెన్ని కలిపామన్నది దాని బలాన్ని నిర్ణయిస్తుంది. పూర్తిగా గట్టిపడిన తర్వాత పైన నీళ్ళు పోసినా, ఎండబెట్టినా ఆ బలం పెద్దగా మారదు. ఏడాది మందులు వాడాక హిమోగ్లోబిన్ కొన్ని నెలల్లోనే ఆడవాళ్ళ స్థాయికి వస్తున్నా, కండ మాత్రం సుమారు 5 శాతమే తగ్గుతోందని అధ్యయనాలు చూపించాయి. ఎముకలు పొట్టిగా మారవు. ఈ అధ్యయనాల్లో ఎక్కువ భాగం క్రీడాకారుల మీద చేసినవి కావన్నది నిజమే. కానీ ఉన్న సాక్ష్యంలో చాలా భాగం ఒక వైపే మొగ్గుతోందని నా అభిప్రాయం.

అందుకే ఒక్కొక్క సంఘమూ గీత మార్చుకుంది. 2020లో వరల్డ్ రగ్బీ, 2022లో ఈత సమాఖ్య, 2023 మార్చిలో వరల్డ్ అథ్లెటిక్స్, అదే ఏడాది నవంబరులో ఐసీసీ. మాటలు వేరైనా సారాంశం దగ్గరదగ్గరగా ఒకటే: మగవాడిగా ఈడు వచ్చిన తర్వాత మారినవాళ్ళు అంతర్జాతీయ మహిళా పోటీల్లో ఆడరాదు. రగ్బీవాళ్ళు ముందు చెప్పిన కారణం పతకం కాదు, మెడ. ఢీకొట్టే ఆటలో బరువు, వేగం తేడా ఉంటే దెబ్బ తగిలేది ఎదుటివాళ్ళకు. మన కబడ్డీకి ఇది నేరుగా వర్తిస్తుంది. కూతకు వచ్చిన పిల్లను నలుగురు పట్టుకుంటే చీలమండ, మోకాలు ఎలా మెలితిరుగుతాయో ఆడినవాళ్ళకు తెలుసు. పెన్నా ఇసుకలో చెడుగుడు ఆడిన జమ్మలమడుగువాళ్ళకు ఇంకా బాగా తెలుసు.

నా అభిప్రాయం దాచుకోను. ఈ గీత సరైన చోటే ఉందని నేననుకుంటున్నాను. ఎందుకంటే ఆడపిల్లలకు ఆట ఇప్పుడు సరదా ఒక్కటే కాదు. మన జిల్లా ఎర్రమల్లె నుంచి వెళ్ళిన శ్రీచరణి 2025 ప్రపంచ కప్‌లో 14 వికెట్లు తీసింది. నవంబరు 2న నవీ ముంబైలో మన అమ్మాయిలు కప్పు ఎత్తిన రాత్రి ప్రొద్దుటూరులో టపాకాయలు పేలాయి. రాష్ట్ర ప్రభుత్వం ఆమెకు రెండున్నర కోట్ల నగదు, గ్రూప్-1 ఉద్యోగం, కడపలో ఇంటి స్థలం ప్రకటించింది. స్పోర్ట్స్ కోటాలో ఒక సీటు, ఒక పోలీసు ఉద్యోగం అంటే మన ఇళ్ళల్లో ఆడపిల్ల పెళ్ళి నాలుగేళ్ళు వెనక్కి పోవడం. ఆ దారి ఇప్పుడిప్పుడే పడుతోంది. దాన్ని ఇరుకు చేసే పని ఏదైనా మనం గట్టిగా ఆలోచించి చేయాలి.

ఇక్కడితో ఆపితే మీలో చాలామంది చప్పట్లు కొడతారని తెలుసు. ఆపను. గీత ఎక్కడ గీశామన్నది సగం సంగతే. ఆ గీతను ఎవరు, ఎలా కాపలా కాస్తారన్నది మిగతా సగం. మనవాళ్ళు దెబ్బతిన్నది ఎక్కువగా అక్కడే.

2023 అక్టోబరు ఒకటో తేదీ, హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలు. హెప్టాథ్లాన్ అంటే రెండు రోజుల్లో ఏడు ఆటలు. చివరిది 800 మీటర్ల పరుగు. తెలంగాణ అమ్మాయి అగసర నందిని అందులో దూసుకుపోయి 5712 పాయింట్లతో కాంస్యం అందుకుంది. నాలుగో స్థానం మన దేశానికే చెందిన స్వప్న బర్మన్‌ది, 5708. నాలుగు పాయింట్లంటే ఆ పరుగులో సెకనులో మూడో వంతు కూడా కాదు. మర్నాడు స్వప్న తన పతకం ఒక ట్రాన్స్‌జెండర్ మహిళ చేతిలో పోయిందని సోషల్ మీడియాలో రాసింది. ఏ రుజువూ చూపలేదు. తర్వాత ఆ మాట తీసేసింది. కానీ అప్పటికే దేశమంతా చదివేసింది. నందిని తండ్రి టీ అమ్మే మనిషి. సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుకున్న పిల్ల. జీవితంలో మొదటి పెద్ద పతకం మెడలో పడ్డ మర్నాడు, తాను ఆడపిల్లనేనని విలేకరులకు చెప్పుకోవాల్సి వచ్చింది. రుజువుంటే చూపించమంది. పతకం ఆమెకే ఉండిపోయింది. 2025 మేలో దక్షిణ కొరియాలో జరిగిన ఆసియా ఛాంపియన్‌షిప్‌లో 5941 పాయింట్లతో స్వర్ణమే గెలిచింది.

స్వప్న మీద నాకు కోపం లేదు. జల్పాయిగురిలో రిక్షా తొక్కిన తండ్రి కూతురు. రెండు పాదాలకూ ఆరేసి వేళ్ళు, సరిపడే బూట్లు దొరక్క నొప్పితో పరిగెత్తి 2018లో ఆసియా స్వర్ణం తెచ్చింది. అంత కష్టపడ్డ మనిషి నాలుగు పాయింట్లతో పోగొట్టుకుంటే నోరు జారుతుంది. అనుమానాన్ని ఓడిపోయినవాళ్ళ చేతిలో పెడితే ఎంత మంచివాళ్ళ చేత ఏం పలికిస్తుందో చూడండి. నందిని ట్రాన్స్‌జెండర్ కాదు. ఆ వివాదంలో ట్రాన్స్‌జెండర్ క్రీడాకారిణి అసలు ఎవరూ లేరు. ఆ మాట ఒక్కటీ చాలింది.

హాంగ్‌ఝౌ దాకా ఎందుకు, పోయిన ఏడాది మన పక్కనే జరిగింది. ఏ ఊరో, ఏ పోటీయో చెప్పను. మా చెల్లెలి కూతురు ఆడుతోందని చూడ్డానికి వెళ్ళాను. ఎదుటి జట్టులో తొమ్మిదో తరగతి పిల్ల, పొడగరి, గొంతు కొంచెం బొంగురు, జుట్టు చెవుల పైకి. ఒక్క కూతలో మూడు పాయింట్లు తెచ్చింది. ఇటు జట్టు పెద్దమనిషి లేచి, "ఇది ఆడపిల్లేంది సార్? చూస్తే తెలీడం లేదా?" అన్నాడు. జనం నవ్వారు. నిర్వాహకులు ఇద్దరు టీచరమ్మలను పిలిచి, "గదిలోకి తీసకపోయి తేల్చండి" అన్నారు. ఆ పిల్ల పీఈటీ చిన్న వయసు మనిషి, కొత్తగా ఉద్యోగంలో చేరినట్టుంది. "తేల్చేదానికి మీరెవరు? నా పిల్లను ఎవరూ తాకేది లేదు" అని జట్టు మొత్తాన్ని తీసుకుని వెళ్ళిపోయాడు. వాకోవర్ ఇచ్చారు. జుట్టు ఎందుకు పొట్టిగా ఉందో మా మేనకోడలు తర్వాత కనుక్కుంది. నాలుగు నెలల ముందు తిరుమలలో తలనీలాలు ఇచ్చిందట. ఆ పిల్ల మళ్ళీ కోర్టులోకి దిగలేదు.

నేను ముప్పై ఏళ్లు సిమెంటు నాణ్యత పరీక్షించే పనిలో ఉన్నాను. మన పక్క మేస్త్రీలు బస్తా విప్పి, పిడికెడు చేతిలోకి తీసుకుని, రంగు చూసి "ఇది బలం లేదు సార్" అంటారు. నల్లగా ఉంటే బలమని వాళ్ళ నమ్మకం. రంగుకూ బలానికీ సంబంధం లేదు. దిమ్మె పోసి, 28 రోజులు నీళ్ళలో ఉంచి, మిషన్లో పెట్టి నలిపితేనే అది 43 గ్రేడో 53 గ్రేడో తెలుస్తుంది. పొట్టి జుట్టు, బొంగురు గొంతు, వెడల్పు భుజాలు అన్నీ సిమెంటు రంగు లాంటివే.

సరే, పరీక్ష పెడదామా? వరల్డ్ అథ్లెటిక్స్ 2025 సెప్టెంబరు ఒకటి నుంచి అదే చేస్తోంది. చెంప లోపలి నుంచి గాని, రక్తం నుంచి గాని నమూనా తీసుకుని, ఎస్‌ఆర్‌వై అనే జన్యువు ఉందా లేదా అని జీవితంలో ఒక్కసారి చూస్తారు. అందరికీ ఒకటే పరీక్ష కాబట్టి ఫలానా పిల్లను వేలెత్తి చూపే పని లేదు. ఆ మేరకు ఇది నాకు నచ్చింది. కానీ మిషన్ అంకె ఇస్తుంది గాని, ఆ అంకెకు అర్థం మనిషే చెప్పాలి. స్పెయిన్ హర్డిల్స్ క్రీడాకారిణి మరియా హోసే మార్తినెస్ పతీన్యో 1985లో క్రోమోజోము పరీక్షలో తప్పింది. మగ క్రోమోజోము ఉంది గాని ఆమె శరీరానికి టెస్టోస్టిరాన్ అసలు పనిచేయదు. అంటే ఆమెకు దక్కిన లాభం సున్నా. మూడేళ్ళు పోరాడితే గాని మళ్ళీ ఆడనివ్వలేదు. ఇప్పటి నిబంధనల్లో అలాంటివాళ్ళకు మినహాయింపు ఉంది.

శాంతి సౌందరరాజన్‌కు ఆ అదృష్టమూ లేదు. తమిళనాడు పుదుక్కోట్టై జిల్లా, ఇటుక బట్టీ కూలీల బిడ్డ. 2006 దోహా ఆసియా క్రీడల్లో 800 మీటర్ల రజతం గెలిచింది. లింగ పరీక్షలో తప్పిందని పతకం లాక్కున్నారు. ఆ సంగతి టీవీల్లో వచ్చింది. ఆమె ట్రాన్స్‌జెండర్ కాదు. ఆడపిల్లగా పుట్టి, ఆడపిల్లగా పెరిగి, ఒంట్లో తనకే తెలియని తేడా ఉన్న మనిషి. ఆత్మహత్యకు ప్రయత్నించింది. కొన్నాళ్ళు ఇటుక బట్టీ పనికే వెళ్ళింది. ఫలితం ఏదైనా కానివ్వండి, డాక్టరు దగ్గర తలుపు వేసి చెప్పాల్సిన మాట ఊరందరికీ చెప్పడం ఏ నిబంధనలోనూ లేదు. బండలాగుడులో ఎద్దు నోరు తెరిచి నలుగురిలో పళ్ళు లెక్కపెడతాం. ఎద్దుకు సిగ్గుండదు.

హైదరాబాదులో సాధన చేసిన ఒడిశా అమ్మాయి ద్యుతీ చంద్‌ది ఇంకో కథ. ఒంట్లో సహజంగానే హార్మోను ఎక్కువుందని 2014లో ఆపేశారు. ఆమె అంతర్జాతీయ క్రీడా న్యాయస్థానానికి వెళ్ళింది. 2015లో వాళ్ళు అడిగింది చాలా మామూలు ప్రశ్న: దీనివల్ల లాభం ఎంత? సమాఖ్య దగ్గర సరైన జవాబు లేదు. నిబంధన పక్కన పెట్టారు. 2018లో ఆమె జకార్తా నుంచి రెండు రజతాలు తెచ్చింది. ఆ తర్వాత నిబంధనలు మళ్ళీ మారాయి, ఇంకా బిగిశాయి కూడా. అయినా 'ఎంత?' అని అడగడం మన అలవాటు కావాలి.

ఇప్పుడు కొంచెం కష్టమైన మాట. మా బ్యాచ్‌లో ఒకరుండేవారు. ఆమె ఒప్పుకుంటేనే చెబుతున్నాను, పేరు వద్దంది. రిజిస్టరులో అబ్బాయి పేరు. ఖోఖోలో మా అందరిలో చురుకు. పోల్ దగ్గర తిరిగిందంటే పట్టుకున్నవాడు లేడు. నడక చూసి, మాట చూసి మగపిల్లలు పెట్టిన పేర్లు ఈ వేదిక మీద చెప్పలేను. తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానేసింది. ఇప్పుడు పులివెందుల వైపు చిన్న టిఫిన్ బండి పెట్టుకుని గౌరవంగా బతుకుతోంది. ఈ ఫారం సంగతి చెప్పి అభిప్రాయం అడిగాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఆడపిల్లల జట్టులో ఆడాలని నేనెప్పుడన్నా అడిగినానా? గ్రౌండులో నిలబడనిస్తే చాలనుకుంటి. అదీ నిలబడనీలేదు" అంది. ఫోన్ పెట్టేసే ముందు ఇంకో మాట: "నేనన్న మాట పట్టుకుని అందురూ ఇంతే అనుకోవద్దు. ఇప్పటి పిల్లోల్లు అడుగుతారు. అడగనీ."

2014లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. 2019 చట్టం 13వ సెక్షను ప్రభుత్వ గుర్తింపు ఉన్న ప్రతి విద్యాసంస్థా ట్రాన్స్‌జెండర్ పిల్లలకు చదువుతో పాటు ఆటల్లోనూ వివక్ష లేకుండా అవకాశం ఇవ్వాలంటుంది. ఆటలు అన్న మాట చట్టంలోనే ఉంది. కేరళ క్రీడా మండలి 2017లోనే తిరువనంతపురంలో వాళ్ళకోసం అథ్లెటిక్స్ మీట్ జరిపింది. అంటే 'ఆడపిల్లల కబడ్డీలో కుదరదు' అన్నాక మన పని అయిపోదు. 'మరి ఎక్కడ?' అన్నదానికి మనం జవాబు చెప్పాలి. 'మగపిల్లల్లో ఆడుకోమను' అంటారా, మా బ్యాచ్ సంగతి ఇప్పుడే విన్నారు.

పీఈటీ మేడం, నేను, మన పూర్వ విద్యార్థినే అయిన ఒక లేడీ డాక్టరు కూర్చుని రాసుకున్నది ఇది. ఐదో తరగతి దాకా ఆడ, మగ విడదీయకుండా అందరూ కలిసి ఆడతారు. ఆ పైన బాలికల కబడ్డీ, పరుగు ఆడపిల్లలుగా పుట్టినవాళ్ళకే. దానికి బడి రికార్డు, పుట్టిన సర్టిఫికెట్ చాలు, ఏ పిల్లకూ ఏ పరీక్షా ఉండదు. మన స్థాయికి జన్యు పరీక్షలు అక్కర్లేదు. కోర్టు పక్కన నిలబడి ఎవరైనా పిల్ల మీద నోరు పారేసుకుంటే వాళ్ళ జట్టు ఆ మ్యాచ్ ఓడినట్టే. అభ్యంతరం ఉంటే రాసి, కవరులో పెట్టి, వెయ్యి రూపాయలు కట్టి డాక్టరుకే ఇవ్వాలి. ఆమె రికార్డు చూసి తల్లిదండ్రులతోనే మాట్లాడుతుంది. ఈలోగా పిల్ల ఆడుతూనే ఉంటుంది. అభ్యంతరం నిలబడకపోతే ఆ వెయ్యీ ఆ పిల్ల బూట్లకు పోతుంది. ఇవి కాక ఎవరైనా పేరివ్వగల ఓపెన్ విభాగం: కలిపి పరిగెత్తే 4×400 రిలే, ఖోఖో, లాంగ్‌జంప్. అందులో 'బాలుడు, బాలిక' గడే లేదు. బహుమతి బాలికల కప్పుతో సమానం, దాని ఖర్చు మా 1986 బ్యాచ్ పెట్టుకుంటుంది.

దీంతో అందరికీ తృప్తి కలగదు. ఆడపిల్లగా బతుకుతున్న పదిహేనేళ్ళ ట్రాన్స్‌జెండర్ పిల్ల 'నన్నెందుకు నా స్నేహితురాళ్ళ జట్టులో కలపరు' అని అడిగితే, నా దగ్గరున్న జవాబు ఎదుటి జట్టు పిల్లల మోకాళ్ళు, వాళ్ళ స్పోర్ట్స్ కోటా. ఆ జవాబు ఆ పిల్ల ముఖం చూస్తూ చెప్పడం తేలికని నేననను. మేడం ఆ పిల్లను ఓపెన్ ఖోఖోకు కెప్టెన్‌ను చేస్తానంటోంది. అలాంటి పిల్ల పేరు ఇప్పటిదాకా ఒక్కటీ రాలేదు, అది వేరే సంగతి. ఎందుకు రాలేదో మీకు తెలుసు.

ఫారం నమూనా కాపీలు భోజనాల హాలు గుమ్మం పక్కన బల్ల మీద పెట్టాం, పెన్సిళ్ళు కూడా ఉన్నాయి. వెయ్యి రూపాయలు ఎక్కువని జమ్మలమడుగు తమ్ముళ్ళు ఇప్పటికే అంటున్నారు. నేను తగ్గించను. మిగతా వాటి మీద ఎవరికి ఏమనిపిస్తే అది మార్జిన్లో రాసి, సాయంత్రం బస్సులు కదిలేలోపు మేడం చేతికివ్వండి.